పడుకున్న బండి లేచేటప్పుడు

ధనుర్మాసం వచ్చిందంటే విజయవాడ ఆటోనగర్‌కి ఒక రకం కార్ల రాక మొదలవుతుంది. కొన్ని తాడు కట్టించుకుని వస్తాయి, కొన్ని ట్రాలీ మీద ఎక్కి వస్తాయి. ఒంటి మీద గీత ఉండదు, సొట్ట ఉండదు. కొన్నిటికైతే షోరూములో తొడిగిన సీటు ప్లాస్టిక్ కూడా ఇంకా తియ్యలేదు. మీటరు చూస్తే పదేళ్ళ బండి పాతిక వేల కిలోమీటర్లు కూడా తిరిగి ఉండదు. కొన్నవాడు డాలస్‌లోనో మెల్‌బోర్న్‌లోనో ఉంటాడు. బండి మాత్రం పటమటలోనో మొగల్రాజపురంలోనో అపార్ట్‌మెంటు సెల్లార్లో ముసుగేసుకుని పడుకుని ఉంటుంది. సంక్రాంతికి పిల్లలొస్తున్నారని కబురు అందగానే పెద్దాయన ముసుగు తీసి తాళం తిప్పుతాడు. అప్పుడొస్తుంది చప్పుడు. గుండె గుభేలుమంటుంది.

మా బాబాయి బండీ ఆ బాపతే. 2015లో కొన్న డీజిల్ డిజైర్. కొడుకు అమెరికా వెళ్ళాక బండి బాబాయికి మిగిలింది, నడిపే అవసరం మాత్రం మిగల్లేదు. ఆయన రిటైరైన లెక్కల మాస్టారు. ముందురోజు సాయంత్రం తాళం తిప్పితే ఇంజన్ గరగరమంది. కంగారుపడి ఆపేశాడు. మళ్ళీ తిప్పితే టకటకమని ఊరుకుంది. "నువ్వు పత్రికల్లో రాస్తావుగా, పక్కనుంటే మేస్త్రి ఎక్కువ చెప్పడు" అని, బండిని ట్రాలీ ఎక్కించి, నన్ను వెంటబెట్టుకుని బయల్దేరాడు. ఇలాంటి బండ్లే ఎక్కువగా చూసే మేస్త్రి ఒకాయన ఉన్నాడనీ, మూత ఎత్తకుండానే చప్పుడు విని జబ్బు చెబుతాడనీ నేను విని చాన్నాళ్ళయింది. బాబాయి బేరం సంగతి ఎలా ఉన్నా, నాకు ఆయన్ని చూడాలని ఉంది.

ఆటోనగర్ 1960ల్లో మొదలైన పేట. బందరు రోడ్డు వైపు నుంచి లోపలికి వెళితే ముందు కనిపించేవి లారీలు. ఒట్టి ఛాసిస్ మీద నిలబడ్డ చెక్క బాడీలు, రంగులేసే కుర్రాళ్ళు, కమాన్ పట్టీలు సాగగొట్టే సుత్తి దెబ్బలు, వెల్డింగు మెరుపులు, లేత్‌ల కూత. ఒకరి మాట ఒకరికి వినపడాలంటే అరవాల్సిందే. ఇంతటి గోలలో కూర్చుని ఒక మనిషి ఇంజన్ లోపలి చిన్న టిక్కు టిక్కును ఎలా పట్టుకుంటాడో చూడకపోతే నమ్మలేం. ఆయన షెడ్డు మాత్రం లోపలి వీధిలో, రేడియేటర్లు అతికే కొట్టు వెనక ఉంది. ముందు వేపచెట్టు, దాని కింద పాత అంబాసిడర్ సీటు. కస్టమర్లు కూర్చునేది దాని మీదే.

మేస్త్రికి అరవై దాటాయి. "ఏంటి మాస్టారూ కంప్లైంటు?" అన్నాడు.

"స్టార్ట్ చేస్తే చాలా పెద్ద సౌండు వచ్చింది మేస్త్రీ."

"ఎంత పెద్దదో తర్వాత చూద్దాం. ఎంతసేపు వచ్చింది?"

బాబాయి నా వైపు చూశాడు. అంతసేపు ఆయన విననే లేదు, వెంటనే ఆపేశాడు. మేస్త్రి నవ్వాడు. ఆ పూటంతా ఆయన ప్రతి చప్పుడుకూ ముందు అడిగింది ఆ ప్రశ్నే. ఒక సెకనా, మూడు సెకన్లా, నిమిషమా, ఇంజన్ వేడెక్కే దాకానా, వేడెక్కినా పోలేదా? చప్పుడు తీరు కన్నా దాని ఆయుష్షును బట్టే ఆయన సగం రోగం తేల్చేస్తాడు.

దాని వెనక ఉన్న సంగతి సులువుగానే అర్థమవుతుంది. ఇంజన్ తిరుగుతున్నంతసేపూ పంపు ఆయిల్‌ను పైకి తోస్తూ ఉంటుంది. క్రాంకు షాఫ్టు దాని బేరింగుల్లో ఇనుముకు ఇనుము తగలకుండా, వెంట్రుక కన్నా పల్చటి ఆయిల్ పొర మీద తేలుతుంది. ఇంజన్ ఆపితే ఆయిల్ మెల్లమెల్లగా అడుగున ఉన్న చాంబర్లోకి దిగిపోతుంది. ఒక రాత్రి ఆపిన బండికి లోపల తడి మిగిలే ఉంటుంది. నెలల తరబడి ఆపితే పైన కామ్ షాఫ్టు దగ్గరా, చెయిన్ దగ్గరా దాదాపు పొడిబారిపోతుంది. తాళం తిప్పాక పంపు మళ్ళీ అన్ని దారులూ నింపేలోపు ఒకటి రెండు సెకన్లు పడుతుంది. ఆ కాసేపూ లోపలి భాగాలు ఒకదాన్నొకటి కొట్టుకుంటాయి. ఆ కాసేపట్లోనే ఆగిపోయిన చప్పుడుకు మేస్త్రి కంగారుపడడు. దాన్ని దాటి సాగితేనే పానా పట్టుకుంటాడు.

బండిని ఆయన వెంటనే స్టార్ట్ చెయ్యలేదు. ముందు బానెట్ ఎత్తి, ముక్కు పెట్టి వాసన చూశాడు. ఎలుకల కోసమట. ఎయిర్ ఫిల్టర్ డబ్బా విప్పితే కుర్రాడు లోపలి నుంచి గుప్పెడు దూదీ, కొబ్బరి పీచూ, అప్పడం ముక్కా బయటికి తీశాడు. "వైర్లు కొరకలేదు, అదృష్టవంతులు" అన్నాడు మేస్త్రి. ఎలుక గూడు పెట్టిన ఫిల్టర్‌తో బండి స్టార్ట్ చేస్తే చెత్తను ఇంజన్ లోపలికి లాక్కునే ప్రమాదం ఉంది. ఏసీ బ్లోయర్లో గూడు పెడితే అది వేరే గోల. తాళం తిప్పగానే డాష్‌బోర్డు వెనక టపటపమంటుంది, ఓనరేమో ఇంజనే పోయిందనుకుంటాడు.

తర్వాత బ్యాటరీ. మీటరు పెడితే 11 వోల్టుల పైచిలుకు చూపించింది. నిండుగా ఉన్న బ్యాటరీ 12.6 చూపించాలి. బాబాయి విన్న టకటక దీనిదే. సెల్ఫ్ మోటారును తిప్పేంత కరెంటు లేక సోలినాయిడ్ పట్టుకోవడం, వదిలెయ్యడం, మళ్ళీ పట్టుకోవడం. ఆ చప్పుడుకూ ఇంజన్‌కూ సంబంధం లేదు. కుర్రాడు దాన్ని ఊడదీసి ఛార్జింగ్‌లో ఉన్న వేరే బ్యాటరీ తెచ్చి పెట్టాడు.

డిప్ స్టిక్ లాగి చూశారు. ఆయిల్ మట్టం సరిగ్గానే ఉంది. పైన ఆయిల్ పోసే మూత తిప్పి తీశాక మాత్రం మేస్త్రి దాన్ని తిరగేసి నా ముందు పెట్టాడు. లోపలి వైపు పెరుగు మీగడలా తెల్లటి జిగురు అంటుకుని ఉంది. "మాస్టారూ, వారం వారం స్టార్ట్ చేసి ఆపేస్తున్నారు కదూ?"

బాబాయి ముఖం వెలిగింది. "ప్రతి ఆదివారం. ఐదు నిమిషాలు. ఒక్క వారం తప్పలేదు. ఈ మధ్యే మీ పిన్నికి మోకాలి ఆపరేషనై రెండు నెలలు కుదర్లేదు" అన్నాడు, చివరి మాట నాకేసి తిరిగి.

"అదేనండి మీరు చేసిన పని."

ఈ మాట మీద నేను ఆయన్ని కాస్త గుచ్చి గుచ్చి అడిగాను. ఎందుకంటే మన ఊళ్ళలో పిల్లల కార్లు కాపలా కాసే పెద్దవాళ్ళంతా చేసేది ఇదే. పిల్లలూ ఫోన్లో చెప్పేది ఇదే: నాన్నా, వారానికోసారి స్టార్ట్ చేసి వదిలెయ్. మేస్త్రి చెప్పిన దానికి నేను తర్వాత లెక్కలు వేసుకుని చూశాను, ఆయన మాటే నిలబడింది. లీటరు పెట్రోలు కాలితే దాదాపు లీటరు నీరు పుడుతుంది. డీజిల్‌దీ ఇంచుమించు అదే లెక్క. ఇంజన్ వేడిగా ఉంటే ఆ నీరంతా ఆవిరై సైలెన్సర్లోంచి పోతుంది. చల్లటి ఇంజన్లో కొంత సైలెన్సర్లోనే నీరుగా మారి తుప్పు పట్టిస్తుంది. కొంత రింగుల సందుల్లోంచి దిగి ఆయిల్లో కలుస్తుంది. ఆ నీరు ఆయిల్లోంచి మళ్ళీ ఆవిరై పోవాలంటే బండి ఇరవై ముప్పై నిమిషాలు రోడ్డు మీద లోడుతో తిరగాలి. నిలబెట్టి ఐదు నిమిషాలు ఐడ్లింగులో ఉంచితే నీరు పుట్టడమే తప్ప పోవడం ఉండదు. అలా యాభై ఆదివారాలు చేస్తే మూత కింద మీగడ కడుతుంది.

బ్యాటరీకైనా మేలు జరుగుతుందా అంటే అదీ లేదు. ఈ కాలం బండి ఊరికే నిలబడి ఉన్నా గడియారానికీ, లాకుకీ, కంప్యూటర్లకీ కాస్త కరెంటు తాగుతూ ఉంటుంది. 50 మిల్లీ ఆంపియర్లు అనుకున్నా రోజుకు 1.2 ఆంపియర్ అవర్లు, వారానికి 8 పైన. ఐదు నిమిషాల ఐడ్లింగులో ఆల్టర్నేటర్ 30 ఆంపియర్లు పోసిందనుకుంటే వెనక్కి వచ్చేది రెండున్నర. మా బాబాయి లెక్కల మాస్టారు కదా, ఈ కూడికలు చెప్పేసరికి ఇంక వాదించలేదు.

ఇంజన్‌ను మేస్త్రి మొదట చేత్తో తిప్పించాడు. ముందు చక్రం విప్పి, క్రాంకు పుల్లీ బోల్టుకు సాకెట్టు తగిలించి, కుర్రాడు పొడుగు రాడ్డుతో మెల్లగా రెండు చుట్లు తిప్పాడు. ఎక్కడా పట్టెయ్యలేదు. "అంబాసిడర్‌కి ముందు నుంచి హ్యాండిల్ పెట్టి తిప్పేవాళ్ళం గుర్తుందా మాస్టారూ? పొద్దున్నే నాలుగు చుట్లు తిప్పి అప్పుడు సెల్ఫ్ కొట్టేవాళ్ళు పాత డ్రైవర్లు. బ్యాటరీ మిగల్చడానికే అనుకునేవాళ్ళం, ఇంజన్‌కీ మంచిదే." ఆయన పని నేర్చుకున్నది ఆ 1489 సీసీ ఇంజన్ మీదే. ఆ బండికి టాపెట్ల చప్పుడు ఎప్పుడూ ఉండేది. ఫీలర్ గేజ్ పెట్టి సందు సరిచేస్తే తగ్గేది, కొన్నాళ్ళకు మళ్ళీ మొదలయ్యేది. అది లేకపోతేనే డ్రైవరుకు అనుమానం వచ్చేదట.

ఇప్పుడు అసలు ఘట్టం. ఇంజెక్టర్ల మీద ఉన్న నాలుగు ప్లగ్గులూ కుర్రాడు ఊడదీశాడు. డీజిల్ అందదు కాబట్టి ఇంజన్ అంటుకోదు, ఊరికే తిరుగుతుంది. "కొట్టు" అన్నాడు మేస్త్రి. సెల్ఫ్ తిరుగుతోంది. ఆయన చూపంతా మీటరు మీద ఎర్రగా వెలుగుతున్న ఆయిల్ డబ్బా బొమ్మ మీదే. కొన్ని సెకన్లు కొట్టించి ఆపించాడు, సెల్ఫ్ మోటారు వేడెక్కకుండా కాస్త ఆగాడు. రెండోసారి కొట్టిస్తుండగా ఎర్రదీపం ఆరింది. ఆయిల్ పైకి అందిందన్నమాట. మంట, పేలుడు, వేగం ఏవీ లేకుండా, బేరింగుల మీద బరువు పడకుండా ఆయిల్‌ను ముందే ఎక్కించడం. పనల్లా ఇదే, ఐదు నిమిషాలు కూడా పట్టలేదు. పెట్రోలు బండ్లలో చాలావాటికి యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కిపట్టి సెల్ఫ్ కొడితే ఇంజెక్షన్ ఆగిపోతుందట, ప్లగ్గులు ఊడదీసే పని కూడా ఉండదు.

ప్లగ్గులు మళ్ళీ పెట్టి స్టార్ట్ చేశారు. గర్ర్‌మని ఒక్క క్షణం, ఆగింది. దాని వెనకే పైనుంచి టిక్కు టిక్కు టిక్కు. బాబాయి చెయ్యి గభాలున తాళం వైపు పోయింది. "ఉండనివ్వండి. రేస్ చెయ్యొద్దు, ఆపొద్దు" అన్నాడు మేస్త్రి, చేతి గడియారం చూసుకుంటూ.

మొదటి గర్ర్ టైమింగ్ చెయిన్‌ది. ఈ 1248 సీసీ డీజిల్ ఇంజన్ ఫియట్ వాళ్ళది. మారుతి, టాటా, ఫియట్ మూడూ వాడుకోవడంతో కార్ల పిచ్చి ఉన్నవాళ్ళు దీన్ని నేషనల్ ఇంజన్ అనేవాళ్ళు. 2020 ఏప్రిల్లో బీఎస్ 6 కాలుష్య నిబంధనలు వచ్చాక మారుతి దీన్ని మానేసింది. ఇందులో బెల్టు బదులు చెయిన్ ఉంటుంది. ఆ చెయిన్‌ను బిగువుగా పట్టి ఉంచే టెన్షనర్ ఆయిల్ ఒత్తిడితో పనిచేస్తుంది. ఆయిల్ అందేదాకా చెయిన్ వదులుగా కొట్టుకుంటుంది. సెకనులో ఆగితే సరే. రోజూ స్టార్ట్ చేసినప్పుడల్లా మూడు నాలుగు సెకన్లు వస్తోందంటే టెన్షనరో చెయినో అరిగినట్టు. దాన్ని వాయిదా వెయ్యకూడదు. చెయిన్ ఒక పన్ను దాటితే వాల్వులూ పిస్టన్లూ ఢీకొంటాయి, తర్వాత ఇంజన్ అమ్ముకోవాల్సింది కిలోల లెక్కనే.

ఆ టిక్కు టిక్కు హైడ్రాలిక్ టాపెట్లది. అంబాసిడర్లో చేత్తో సరిచేసిన సందును ఇందులో లోపల నిండిన ఆయిలే సరిచేస్తుంది. బండి పడుకుంటే అందులోంచి ఆయిల్ కారిపోతుంది. మళ్ళీ నిండేదాకా టిక్కుమంటూనే ఉంటుంది. మా ముందు అది నిమిషం లోపే ఒక్కొక్కటిగా తగ్గిపోయింది.

మేస్త్రి అప్పుడు గోడకున్న పొడుగాటి స్క్రూడ్రైవర్ తీశాడు. చెక్క పిడి నున్నగా అరిగిపోయి నల్లబడింది. దాని మొన ఇంజన్ మీద ఆనించి, పిడిని చెవి ముందున్న ఎముకకు ఆనించాడు. చుట్టూ లారీల గోల ఉన్నా అది అడ్డం కాదు, చప్పుడు గాలిలోంచి రాకుండా ఇనుములోంచి ఎముకలోకి ఎక్కుతుంది. తర్వాత నా చేతికిచ్చాడు. ఇంజెక్టర్ దగ్గర పెడితే కరుకైన టక్ టక్, అది డీజిల్‌కు సహజం. చెయిన్ వైపు పెడితే మెత్తటి హోరు. ఆల్టర్నేటర్ మీద పెట్టగానే గరగర. అంతవరకూ నాకు వినపడనే లేదు, ఇనుము చెప్పాక బయటి నుంచి కూడా వినిపించసాగింది. "బేరింగు. తడికి తుప్పు పట్టింది" అన్నాడు. బెల్టు కీచుమంటోందా, బేరింగు అరుస్తోందా అని అనుమానం వస్తే తిరిగే బెల్టు మీద కాసిని నీళ్ళు చల్లి చూస్తాడట. నీళ్ళకు చప్పుడు మారితే బెల్టు, మారకపోతే బేరింగు. వేళ్ళు మాత్రం అక్కడికి పోనివ్వకూడదు.

షెడ్డు మూలన ఇంకో ఇంజన్ విప్పి పడుంది. పెట్రోలుది. పక్కన పేపరు మీద అర్ధచంద్రాకారంలో బేరింగు షెల్లులు పేర్చి ఉన్నాయి. ఒకటి తీసి నా అరచేతిలో పెట్టాడు. బూడిద రంగులో నున్నగా ఉండాల్సిన లోపలి పూత గీరుకుపోయి, కింద రాగి రంగు బయటపడింది. వేలితో తడిమితే గీతలు గుచ్చుకున్నాయి. ఆ బండి ఏడాదిన్నర పడుకుందట. స్టార్ట్ చేయగానే చప్పుడొస్తే, ఓనరు తమ్ముడు "జామైనట్టుంది, రేస్ చేస్తే ఫ్రీ అవుతుంది" అని యాక్సిలరేటర్ తొక్కిపట్టాడు. దానికి తోడు ఆయిల్ ఫిల్టర్ ఏదో చవకబారుది. మంచి ఫిల్టర్లో రబ్బరు మూత ఒకటి ఉండి, ఇంజన్ ఆగాక ఆయిల్ వెనక్కి పోకుండా పడుతుంది. చవక దాంట్లో ఆ రబ్బరు గట్టిపడిపోయి పట్టలేదు. మొత్తమ్మీద ఆయిల్ అందేలోపే ఇంజన్ మూడు నాలుగు వేల చుట్లు తిరిగింది. టిక్కు టిక్కు పైనుంచి వస్తే భయం లేదనీ, అడుగునుంచి బరువుగా ధబ్ ధబ్‌మని వచ్చి, యాక్సిలరేటర్ తొక్కేకొద్దీ పెరిగితే మాత్రం ఆ క్షణమే తాళం తియ్యాలనీ మేస్త్రి అన్నాడు. అది కనెక్టింగ్ రాడ్ బేరింగు. ఆ చప్పుడుతో ఇంటిదాకా తోలుకొచ్చిన బండ్లలో రాడ్డు బ్లాకును పగలగొట్టుకుని బయటికొచ్చినవి ఆయన చూశాడు.

2024 సెప్టెంబరు మాట కూడా వచ్చింది. బుడమేరు వాగు పొంగి సింగ్‌నగర్ వైపు మునిగినప్పుడు నీళ్ళలో నానిన బండ్లు వరసకట్టాయి. నీళ్ళు తీశాయి కదా అని ఇంటి దగ్గరే తాళం తిప్పినవాళ్ళవి ఎక్కువ పాడయ్యాయట. సిలిండర్లో నీరుంటే పిస్టన్ దాన్ని నొక్కలేదు, నీరు నలగదు. వంగేది రాడ్డే. మునిగిన బండికి మటుకు చప్పుడు వినే ప్రయత్నం కూడా చెయ్యొద్దని ఆయన మాట.

డిజైర్‌కు ఆయిలూ, ఫిల్టర్లూ మార్చారు. బండి తిరిగినా తిరగకపోయినా ఏడాదికోసారి ఆయిల్ మార్చాల్సిందే, ఎంత తిరిగిందని మీటరు చూడక్కర్లేదు. ఆల్టర్నేటర్ బేరింగు పక్క వీధిలో కొట్టించుకొచ్చారు. ఈలోగా డాలస్ నుంచి వీడియో కాల్. అక్కడ రాత్రి పదకొండు. "డాడీ, సౌండ్ ఏంటో కనుక్కున్నారా? చెయిన్ మార్చెయ్యమనండి, డబ్బులు పంపిస్తా." మేస్త్రి ఫోను అందుకుని, "చెయిన్ బాగానే ఉంది బాబూ, మార్చి మీ డబ్బులు దండగ చెయ్యను. మీ నాన్నగారి చేత ఆదివారం ఐదు నిమిషాల పూజ మాన్పించండి చాలు" అన్నాడు. బాబాయి నన్ను తీసుకొచ్చిన ఉద్దేశం ఏమైనా, నా అవసరం ఆ షెడ్డులో ఎవరికీ పడలేదు.

బండి కదిలినప్పుడు వెనక చక్రాల దగ్గర ఠప్‌మని ఒక్క దెబ్బ. హ్యాండ్ బ్రేక్ వేసి ఉంచడంతో బ్రేకు లైనింగు తుప్పుకు డ్రమ్ముకు అతుక్కుని, ఇప్పుడు విడివడింది. సెల్లార్లో నిలిపేటప్పుడు హ్యాండ్ బ్రేక్ వదిలి, గేర్లో వేసి, చక్రాలకు ఇటుకలు పెట్టుకోమన్నాడు. వీధి చివరిదాకా ముందు బ్రేకు డిస్కులు గర్రుమన్నాయి, నాలుగుసార్లు బ్రేకు తొక్కేసరికి తుప్పు రాలి నోరు మూసుకున్నాయి. టైర్లు మాత్రం ఒకేచోట నిలబడి అణిగిపోయాయి, నలభై దాటితే దడదడమంటోంది. పది పదిహేను కిలోమీటర్లు తిరిగాక కూడా అది పోకపోతే టైర్లు మార్చాల్సిందేనని ముందే చెప్పాడు.

పదిహేను రోజులకోసారి, పోయి రావడానికి గంట పట్టేలా, దారిలో ఏసీ కూడా వేసి నడపాలన్నది షరతు. ఏసీ వెయ్యకపోతే కంప్రెసర్ సీళ్ళు ఎండిపోతాయట. బాబాయి కంకిపాడు అన్నాడు. ఇంటికెళ్ళి చెప్తే పిన్ని కాదంది. ఎలాగూ డీజిల్ పోస్తున్నప్పుడు ఉయ్యూరు దాకా వెళితే వీరమ్మ తల్లి దర్శనం అవుతుంది కదా అంది. ముప్పై కిలోమీటర్లు పోను, ముప్పై రాను. ఇంజన్‌కు అది ఇంకా మంచిదే. డీజిల్ ఖర్చు ఎవరి పెన్షన్లోంచి అన్నది మాత్రం నేను బయల్దేరేదాకా తేలలేదు.